ఆరు వన్స్‌మోర్లు

కిందటి నెల గోపీ వచ్చాడు. ఇప్పుడు అతన్ని గోపీ అనకూడదేమో. రిటైరయిన ప్రొఫెసరు, తల మీద వెంట్రుక లేదు, మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. క్యారీ అనే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాడట. డెట్రాయిట్‌లో ఏదో పెళ్ళికొచ్చి, పనిగట్టుకుని నోవై దాకా డ్రైవ్ చేసుకుంటూ మా ఇంటికొచ్చాడు. మా ఆయన డెంటిస్టు దగ్గరికి వెళ్ళి ఉన్నారు. కాఫీ ఇచ్చాను. సోఫాలో కూర్చున్నాడో లేదో, "విజయగారూ, ఆ రోజు గుర్తుందా! మీ మామగారు చచ్చి లేచి, చచ్చి లేచి... ఆరుసార్లండీ బాబూ! ఇన్నేళ్ళయినా తలుచుకుంటే కడుపు చెక్కలైపోతుంది," అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అలా నవ్వడం నాకు బాగా అలవాటు. అతను వెళ్ళాక కప్పు కడుగుతూ సింకు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలి. మా ఆయనతో చెప్పలేను. అందుకని రాస్తున్నాను. ఆయన తెలుగు చదవడం మానేసి చాలా కాలమైంది, ఆ భయం లేదు.

నేను పెళ్ళి చేసుకుని నోవై వచ్చేనాటికి ఇక్కడ ఇన్ని ఇళ్ళూ లేవు, ఇంతమంది మనవాళ్ళూ లేరు. మా వీధి చివర మొక్కజొన్న చేను ఉండేది. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పొద్దున్న ఏడింటికి కారేసుకుని వెళితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. నాకు డ్రైవింగ్ రాదు. నేర్పిస్తానన్నారు గాని మంచు తగ్గాక అన్నారు, మంచు తగ్గాక ఎండ తగ్గాక అన్నారు. కాలేజీలో చేరతానన్నాను, డ్రైవింగ్ వచ్చాక అన్నారు. అలా ఇంట్లో ఒక్కదాన్నే టీవీ చూస్తూ, పప్పు మాడ్చుకుంటూ ఉన్న రోజుల్లో మామగారు దిగారు. అత్తగారు అంతకు ముందే పోయారు. ఒక్కగానొక్క కొడుకు, ఇంకెక్కడికి వెళతారు? ఎయిర్‌పోర్టులో మంకీ టోపీ తీసి, నన్ను నఖశిఖపర్యంతం చూసి, "నీకు పాటొచ్చుటగా?" అన్నారు. వచ్చునన్నాను. "చూద్దాంలే," అన్నారు. అదీ మా మొదటి సంభాషణ.

మా మామగారు నాటకాల మనిషి. తొమ్మిదో ఏట ఇంట్లోంచి పారిపోయి ఒక డ్రామా కంపెనీలో చేరారట. అవి కరెంటు లేని రోజులు. స్టేజీకి అటూ ఇటూ గ్యాసు లైట్లు, మైకుల్లేవు, ఆఖరి వరసలో బండి మీద కూర్చున్నవాడికి కూడా పద్యం వినపడాలి. మొదట్లో ఆడవేషాలు కట్టారు. మీసం వచ్చాక మంత్రి, ఆ తరవాత రాజు. కంపెనీతో ఊళ్ళు పట్టుకు తిరిగి ఆర్నెల్లకోసారి ఇంటికొచ్చేవారట. వచ్చినప్పుడు కూడా వేషానికి పూసుకున్న తెల్ల సఫేదా తల్లోంచి పోయేది కాదని, పక్క గుడ్డలు తెల్లబడేవని మా అత్తగారు చెప్పేవారని మా ఆయనే చెప్పారు. ఆయన తండ్రి గురించి చెప్పినవి నాలుగైదు మాటలే, అన్నీ ఇలాంటివే. బళ్ళో పిల్లలు మా ఆయన్ని "వేషగాడి కొడుకు" అనేవారట. అందుకని తండ్రి నాటకం ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. సొంత ఊళ్ళో ఆడినా చూడలేదు. లెక్కలు చేసుకుంటూ ఇంట్లో కూర్చునేవారట. ఆ లెక్కలే ఆయన్ని అమెరికా తీసుకొచ్చాయనుకోండి.

వచ్చిన వారంలోనే మామగారు హార్మోనియం అన్నారు. దిక్కుమాలిన నోవైలో హార్మోనియం ఎక్కడ దొరుకుతుంది? కాని దొరికింది. పక్కింటి ఎడ్నా అనే ముసలావిడ గరాజ్ ఖాళీ చేస్తోంది. వాళ్ళమ్మ వాయించిన పాత ఆర్గన్ ఒకటి బయట పెట్టింది. బీరువా అంత చెక్క పెట్టె, అద్దం, కొవ్వొత్తులు పెట్టుకోవడానికి రెండు చిన్న అరలు, కింద కాళ్ళతో తొక్కే రెండు పలకలు. మామగారు దాన్ని చూసి వాకిట్లోనే నిలబడిపోయారు. "ఇది కాళ్ళ హార్మోనియమే! మా కంపెనీలో ఇదే ఉండేది!" అని చెప్పులు కూడా లేకుండా మంచు మీద నడిచి వెళ్ళి దాన్ని తడిమారు. బెంచీ మూత ఎత్తితే ఎలకల వాసన, పాత వార్నిష్ వాసన. లోపల బోలెడు పాటల కాగితాలు. అట్టల మీద పెద్ద పెద్ద ఈకల టోపీలు పెట్టుకున్న దొరసానులు, చందమామ, పడవలు. ఎడ్నా వాళ్ళమ్మ పెళ్ళికి ముందు, అంటే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో, సాయంత్రాలు ఇంట్లో అందరూ చుట్టూ నిలబడి పాడేవారట. ఎడ్నా ఒకటి తీసి వాయించింది. రెండో లైను దగ్గరే మామగారు గొంతు కలిపారు. మాటల్లేవు, ఒట్టి స్వరమే. ఎడ్నా నోరెళ్ళబెట్టింది. "తెర లేచే ముందు మా హార్మోనిస్టు వాయించే ఇంగ్లీషు మెట్టమ్మా ఇది! ఎవడో బ్యాండువాడి దగ్గర పట్టాడు," అన్నారు నాతో. ఆయన కళ్ళు తడిశాయి. ఆ ఒక్క పూట ఆయనంటే నాకు ఇష్టం కలిగింది. ఆ పూటతోనే సరి.

పెట్టె ఇంట్లోకి వచ్చింది గాని ఆయన కాళ్ళు దాన్ని తొక్కే స్థితిలో లేవు. రెండు మోకాళ్ళకీ కీళ్ళవాతం. గాలి లేకపోతే అది పలకదు. "ఏమ్మా, నువ్విలా కింద కూర్చుని చేతుల్తో నొక్కు," అన్నారు. ఏదో ఒకరోజు ముచ్చట అనుకున్నాను. రోజూ అయింది. పొద్దున్న మా ఆయన కారు వీధి మలుపు తిరగ్గానే ఈయన ఉప్పునీళ్ళు పుక్కిలించి, నాలుగు మిరియాలూ పటికబెల్లం ముక్కా బుగ్గన పెట్టుకుని, పంచె కింద ఉన్ని పాంటూ, పైన కోటూ, మంకీ టోపీతో వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. నేను ఆయన కాళ్ళ పక్కన కార్పెట్ మీద చతికిలబడి, కుడిచేత్తో ఒక పలకా ఎడంచేత్తో ఒక పలకా నొక్కేదాన్ని. గాలి కొట్టడం అనేవారు దాన్ని. రెండు గంటలు. కొంచెం మందగిస్తే "గాలి! గాలి!" అని మడమతో నా భుజం మీద తట్టేవారు. గట్టిగా కాదు, ఎద్దుని అదిలించినట్టు. అరచేతులు కాయలు కాశాయి. మా ఆయనతో చెబితే, "ముసలాయనకి ఇంకేం కాలక్షేపం ఉంది చెప్పు? నీకు మాత్రం ఏం పని?" అన్నారు. చేతులు చూపించాను. "లోషన్ రాసుకో," అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆయన గొంతు అద్భుతం. డెబ్బై దాటిన మనిషి ఒక పద్యం ఎత్తుకుని ఆఖరి అక్షరం మీద రాగం తీస్తే మా వంటింట్లో గ్లాసులు గల్లుమనేవి. కింద కూర్చుని గాలి కొడుతున్న నాకు ఒళ్ళు జలదరించేది. అదే నా కడుపుమంట. గొంతు చెడ్డదైతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. మధ్యమధ్య ఆపి కబుర్లు చెప్పేవారు. ఎప్పుడూ ఒకటే కబురు, వన్స్‌మోర్ గురించి. పద్యం జనానికి నచ్చితే "వన్స్‌మోర్!" అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడి తీరాలి. కథ ఎక్కడుందీ, పక్క పాత్ర ఏం చేస్తోందీ అనవసరం. యుద్ధంలో పడి చచ్చిపోయే రాజైనా సరే, లేచి ఆ పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చావాల్సిందే. "ఓపిక లేదని వన్స్‌మోర్ కాదన్నవాడు ఇక మొహానికి రంగు పూసుకోకూడదమ్మా. మా గురువుగారికి నూటమూడు జ్వరంలో నాలుగు వన్స్‌మోర్లు పడ్డాయి. నాలుగూ ఇచ్చాడు. అది మగాడి గొంతంటే." తనకెన్ని పడ్డాయో ఆయన చెప్పలేదు. చివరికి నేనే అడిగాను. "మూడు," అని మొహం తిప్పుకున్నారు.

ఒక ఆదివారం మా ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకుని, పాట్‌లక్ పెట్టుకున్నాం. ఐదు కుటుంబాలు, పులిహోర ట్రేలు, పిల్లలు. ఒకావిడ, "విజయా, నువ్వు పాడతావటగా, ఒక లలితగీతం పాడు," అంది. అమెరికా వచ్చాక నన్ను పాడమన్న మొదటి మనిషి ఆవిడే. నేను చిన్నప్పుడు బళ్ళో, కాలేజీలో ప్రైజులు తెచ్చుకున్నదాన్ని. మామగారు బెంచీ మీద కూర్చుని, "కానీ, నేను హార్మోనియం పడతాను," అన్నారు. గాలి ఎవరు కొడతారు? నేనే. కింద కూర్చుని, రెండు చేతుల్తో నొక్కుతూ, తలెత్తి పాడటం మొదలుపెట్టాను. రెండో చరణం దాకా కూడా వెళ్ళలేదు. ఆయన ఆర్గన్ మెట్ల మీంచి చేతులు తీసేశారు. "ఆపమ్మా, ఆపు. మేకపిల్ల గొంతు పట్టుకున్నట్టు ఆ బిగింపేమిటి? ఇది పాట కాదు గాని, నువ్వు గాలి కొట్టు, నేను పాడతాను," అన్నారు. అందరూ ఘొల్లుమని నవ్వారు. పాడమన్న ఆవిడ కూడా. నేను తలెత్తి మా ఆయన వైపు చూశాను. చేతిలో ప్లేటుతో గోడకి ఆనుకుని నిలబడి ఆయన కూడా నవ్వుతున్నారు. నేనూ నవ్వి గాలి కొట్టాను. మామగారు మూడు పద్యాలు పాడారు. ఆ తరవాత నేను ఇంకెప్పుడూ, ఎక్కడా, స్నానాల గదిలో కూడా పాడలేదు. నా పిల్లలకి వాళ్ళమ్మకి పాట వచ్చునన్న సంగతే తెలియదు.

ఆ ఉగాదికి మనవాళ్ళంతా కలిసి ఒక హైస్కూలు ఆడిటోరియం తీసుకుని ప్రోగ్రాం పెట్టారు. మామగారి ఐటెమ్ పదిహేను నిమిషాలు, రాజు మరణించే ఘట్టం. ఆ ఘట్టాన్ని ఆయనే ఎప్పుడో సొంతంగా కట్టుకున్నారు. నెల ముందు నుంచీ ఆయనకి నేల మీద కాలు నిలిస్తే ఒట్టు. టర్కీ కోడికి చుట్టే అల్యూమినియం రేకుతో నా చేత కిరీటం చేయించారు. నా పట్టుచీర చింపించి నడుముకి కట్టుకున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, రోజూ సాయంత్రం మా ఆయన్ని అడగడం ఒక ఎత్తు. "మూర్తీ, నువ్వు ముందు వరసల్లో కూర్చో. నాకు ఎడం చెవి వినపడదు, కుడివైపు కూర్చో. వస్తావుగా?" ఆయన ఫోర్క్‌తో అన్నం కలుపుతూ, "వస్తాను నాన్నా, నేనేగా డ్రైవ్ చేసేది," అనేవారు. "రావడం కాదురా. చూడ్డం," అనేవారు మామగారు. ఆ ముసలాయనకి కావలసింది అదొక్కటే అని పసిపిల్లలకైనా తెలుస్తుంది. నాకు మరీ బాగా తెలిసింది.

ఆర్గన్ మోసుకెళ్ళడానికి యూనివర్సిటీ నుంచి నలుగురు కుర్రాళ్ళు పికప్ ట్రక్కు వేసుకుని వచ్చారు. వాళ్ళలో ఒకడు గోపీ. పెసరట్లు వేసి పెట్టాను. ఇంటి తిండి దొరికి చాలా కాలమైందని ఆవురావురుమంటూ తింటున్నారు. మామగారు పక్కగదిలో కిరీటం సరిచూసుకుంటున్నారు. నేను మెల్లిగా చెప్పాను. "మీకో తమాషా చెప్పనా? వన్స్‌మోర్ అంటే ఆయన కాదనలేరు. రాజు చచ్చి పడిపోయాక అనండి. లేచి మళ్ళీ పాడి మళ్ళీ చస్తారు." గోపీ కళ్ళు మెరిశాయి. "నిజంగానా? ఎన్నిసార్లండీ?" అన్నాడు. "ఎన్నిసార్లంటే అన్నిసార్లు. ఆపకండి," అన్నాను. ఇంకో పెసరట్టు వేశాను. "మీరు భలేవారండీ విజయగారూ!" అన్నాడు. నా గురించి ఈ దేశంలో ఎవరైనా అన్న మొదటి మెచ్చుకోలు మాట అదే.

స్టేజీ మీద ఆర్గన్‌కి ఒక పక్కన చీర కట్టి నన్ను దాని వెనక కూర్చోబెట్టారు. ఆయన నటించాలి కనక మెట్లు వాయించేవాళ్ళు లేరు. అట్టముక్క మడిచి శ్రుతి మెట్లు రెండు కిందికి దిగేలా బిగించారు. నేను గాలి కొడుతుంటే శ్రుతి ఒక్కటే మోగుతుంది. మొదటి పది నిమిషాలూ బాగానే జరిగింది. జనం శ్రద్ధగానే విన్నారు. ఆయన ఆఖరి పద్యం పాడి, కత్తి వదిలేసి, వెల్లకిలా కాకుండా ఒక పక్కకి ఒరిగి పడిపోయారు. ఆ మోకాళ్ళతో అలా పడటం ఎంత కష్టమో తరవాత ఆలోచించాను, అప్పుడు కాదు. ఆయన మొహం సరిగ్గా నావైపు వచ్చింది. చీర కిందనుంచి రెండడుగుల దూరంలో కనిపిస్తోంది. చప్పట్లు పడ్డాయి. అప్పుడు చీకట్లోంచి గోపీ గొంతు, "వన్స్‌మోర్!"

చచ్చిపోయిన మొహం నవ్వింది. నేను చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నారు, పెదవులు మాత్రం విచ్చుకున్నాయి. "గాలి ఆపకు," అని గుసగుసగా అన్నారు. లేచారు, పాడారు, పడ్డారు. మళ్ళీ వన్స్‌మోర్. ఈసారి నలుగురు కుర్రాళ్ళూ అరిచారు. మూడోసారికి హాలంతా అందుకుంది. కళ్ళద్దాలు లేవు, మొహం మీద లైటు, ఒక చెవి లేదు. కిందున్న జనం నవ్వుతున్నారో మెచ్చుకుంటున్నారో ఆయనకెలా తెలుస్తుంది? చీర పక్క సందులోంచి చూస్తున్న నాకు తెలుసు. పిల్లలు సీట్ల మధ్య దారిలోకి వచ్చి చచ్చిపోయే ఆట మొదలుపెట్టారు. పడిపోవడం, లేవడం, పడిపోవడం. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు. నాలుగోసారి లేచినప్పుడు కిరీటం చెవి మీదికి జారింది. అయిదోసారి గొంతు పగిలింది. ఆయన పాడే పద్యంలో ఒక ముక్క ఎగిరిపోయి గాలి మాత్రమే వచ్చింది. నేను చేతులు తీసేస్తే అయిపోయేది. శ్రుతి ఆగిపోతే పాట ఆగిపోవాలి, అదీ వాళ్ళ పద్ధతే. నేను తీయలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. ఆరోసారి ఆయన లేవలేకపోయారు. అరచేతులు నేలకానించి, పసిపిల్లాడిలా మోకాళ్ళ మీదికి వచ్చి, అలాగే తల పైకెత్తి పాడారు. తెర వేసేశారు. నేను చీర తప్పించి చూస్తే, తెరవైపు తిరిగి చేతులు జోడించి నమస్కారం పెడుతున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో మా ఆయన, "చప్పట్లు బాగా పడ్డాయి నాన్నా," అన్నారు. వెనక సీట్లో ఆయన రంగు మొహంతో పెళ్ళికొడుకులా కూర్చుని, "విన్నావా?" అన్నారు. "ఊఁ," అన్నారు మా ఆయన.

మర్నాడు సోమవారం. మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక మామగారి మోకాళ్ళకి కరెంటు కాపడం పట్టీ చుట్టాను. కుండల్లా వాచి ఉన్నాయి. గొంతు పూర్తిగా పోయింది, గుసగుస తప్ప రావటం లేదు. ఆ గుసగుసలోనే పొద్దుటినుంచీ ఒకటే వాగ్ధాటి. "ఆరమ్మా, ఆరు! మా గురువుగారికి నాలుగు. ఈ వయసులో, ఈ దేశంలో, ఆరు! పైగా మొదటిది ఎవరిదో తెలుసా? మా మూర్తిగాడిది. కన్నకొడుకు గొంతు నాకు తెలియదూ? ఒక్క చెవి చాలు. చిన్నప్పటినుంచీ వాడికి నామీద కోపమని అనుకున్నాను. చూశావా, అందరికన్నా ముందు అరిచాడు. ఇంకిప్పుడు చచ్చినా ఫరవాలేదు." కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. నేను నోరు మూసుకుని ఉంటే ఆ కళ్ళనీళ్ళతోనే అయిపోయేది. కాని ఆయన ఊరుకునే మనిషా? నా చెయ్యి తట్టి, "నువ్వు కూడా గాలి బాగా కొట్టావు. ఎవరికి చేతనైంది వాళ్ళు చేయాలి. నీకు దేవుడు చేతులిచ్చాడు, గొంతివ్వలేదు, ఏం చేస్తాం? వచ్చే నెల చికాగో వాళ్ళు పిలుస్తారు చూడు. నీ చేతులు జాగ్రత్తగా చూసుకో," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఆయన లోపల లేరు," అన్నాను.

"ఎవరు?"

"మీ అబ్బాయి. మీ ఐటెమ్ మొదలవగానే లేచి వెళ్ళిపోయారు. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని రేడియోలో బేస్‌బాల్ ఆట వింటూ ఉన్నారు. తెర పడ్డాకే లోపలికొచ్చారు, రాత్రి నాతో ఆయనే అన్నారు. కావాలంటే అడగండి."

"మరి మొదటిది..."

"గోపీ అన్నాడు. నేనే అనమన్నాను. ఆపకుండా అనమన్నాను. ఎన్నిసార్లన్నా లేస్తారని చెప్పాను. వాళ్ళెవరూ మెచ్చుకోలేదు మామగారూ. మిమ్మల్ని చూసి నవ్వుకున్నారు. పిల్లలు కూడా నవ్వారు. మేకపిల్లని చూసి నవ్వినట్టే నవ్వారు."

అంతా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఎంతో హాయిగా ఉంది, దాచడమెందుకు. ఆయన "వాడు పద్యం ఒక్కటైనా వినలేదా?" అన్నారు. "లేదు," అన్నాను. ఆయన కాపడం పట్టీ విప్పారు. దాని వైరు వేళ్ళకి చుట్టి, మడిచి, పక్కన పెట్టారు. కుర్చీ చేతులు పట్టుకుని, ఆ వాచిన మోకాళ్ళ మీద, మెల్లిగా లేచి నిలబడ్డారు. కొడతారేమోననుకున్నాను. కొడితే బాగుండును. ఊరికే నిలబడ్డారు. "కూర్చోండి," అన్నాను. "మీరు కూర్చోండి," అన్నారు. నన్నెన్నడూ మీరు అనలేదాయన. మామగారు కోడల్ని ఎందుకంటారు? నేను గదిలోంచి వెళ్ళేదాకా అలాగే నిలబడి ఉన్నారు. గుమ్మం దాటాక కుర్చీ కిర్రుమనడం వినపడింది.

అప్పటినుంచీ అంతే. నేను గదిలోకి అడుగుపెడితే ఆయన లేచి నిలబడేవారు. కాఫీ తెస్తే లేచేవారు. వాక్యూమ్ చేయడానికి వెళితే లేచేవారు. అన్నం తింటూ తింటూ లేచేవారు. "మీకెందుకండీ శ్రమ, అక్కడ పెట్టండి," అనేవారు. మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పరాయి ఇంటికి వచ్చిన పెద్దమనిషి ఆ ఇంటావిడతో మాట్లాడినట్టు, అంతే. నోరు విప్పి పాడింది లేదు. ఆర్గన్ మీద దుప్పటి కప్పారు. వేసవిలో ఎడ్నా చర్చివాళ్ళు వచ్చి తీసుకుపోతుంటే ఆయన కిటికీ దగ్గరికి కూడా రాలేదు. కొడుకుని మాత్రం ఒక్క మాట అడగలేదు. మా ఆయనకి ఇదంతా మహా సంతోషం. "చూశావా, నాన్నకి నువ్వంటే ఎంత గౌరవమో! అమెరికా వచ్చాక ఎంత మారిపోయారు!" అనేవారు. పాట్‌లక్‌లకి వచ్చిన ఆడవాళ్ళు, "మామగారు కోడల్ని చూసి లేచి నిలబడటమా! పెట్టి పుట్టావమ్మా!" అని కుళ్ళుకునేవారు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. ఒకరోజు కాళ్ళ మీద పడ్డాను. "తప్పయింది, కూర్చోండి మామగారూ," అన్నాను. ఆయన నేను లేచేదాకా నిలబడే ఉండి, "అబ్బెబ్బే, అదేం మాటండీ," అన్నారు. ఆ మోకాళ్ళని చూసి, ఆయన ఉన్న గదిలోకి వెళ్ళడం తగ్గించాను. భోజనం బల్ల మీద పెట్టి వంటింట్లోంచి కేకేసేదాన్ని. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో అలా తప్పించుకు తిరిగాం. ఆ నాలుగేళ్ళలో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను, కాలేజీలో చేరాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఎవరూ అడ్డం చెప్పలేదు. పొద్దున్న పూట ఇంట్లో నాకు పని లేదుగా.

ఇప్పుడు నోవైలో తెలుగువాళ్ళ ప్రోగ్రాం అంటే నాలుగువేల మంది వస్తారు. సినిమా పాటలవాళ్ళని ఇండియా నుంచి రప్పిస్తారు, వెనకాల గోడంత తెర, చెవులు చిల్లులు పడే స్పీకర్లు. నా మనవరాలు మొన్న స్టేజీ మీద పాడింది. శ్రుతి ఫోన్‌లోంచి వచ్చింది, ఎవరూ ఏదీ తొక్కక్కర్లేదు. మాటలు దానికి సగం అర్థం కావు, "గ్రాండ్‌మా, హౌ వాజ్ ఇట్? నిజం చెప్పు," అంది. కొన్ని చోట్ల గొంతు బిగించింది. నాకు వినపడింది. "చాలా బావుంది తల్లీ," అన్నాను. అబద్ధం ఆడటం ఇంత తేలికైన పనని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మామగారు నాతో ఒక్క అబద్ధం ఆడి ఉంటే పోయేది. నేను ఆయనతో ఒక్క నిజం దాచి ఉంటే పోయేది. ఇద్దరం నిఖార్సైన మనుషులం.

నాలుగో ఏడు చలికాలంలో ఆయనకి న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. మొదటిరోజు నేను గదిలోకి వెళ్ళేసరికి, ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, కళ్ళు తెరిచి నన్ను చూశారు. రెండు అరచేతులూ పరుపుకి ఆనించి భుజాలు పైకెత్తారు. నర్సు పరుగున వచ్చి పడుకోబెట్టింది. మళ్ళీ లేవబోయారు. మళ్ళీ పడుకోబెట్టింది. మూడోసారికి సెలైన్ సూది ఊడి దుప్పటి మీద రక్తం పడింది. "ఎంత మర్యాదస్థుడమ్మా, ఆడవాళ్ళని చూస్తే లేవాలంటాడు," అని నవ్వింది నర్సు. నేను బయటికొచ్చేశాను. తరవాత అయిదు రోజులూ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకు లాగారు, అరిచారు, ఏడ్చారు. "నీకు మనసనేది ఉందా? ఒక్కసారి కనిపించవే! ఆయన నీకేం అన్యాయం చేశాడు?" అన్నారు. నేను కదల్లేదు. చివరి రోజుల్లో కోడలు మొహం కూడా చూపించలేదని వాళ్ళవైపు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ఆయన కూడా పైకి అనకపోయినా అదే అనుకుంటారు. అనుకోనీ.

ఆరోరోజు మధ్యాహ్నం డాక్టరు వచ్చి అయిపోయిందన్నాడు. మా ఆయన ఫోన్లు చేయడానికి కిందికి వెళ్ళారు. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన లేవలేదు.